వీపు తిప్పిన సేన

కొండచిలువ నడుముకు చుట్టుకునే వేళకు దుర్జయుడి చేతిలో గడ్డి కోసే కొడవలి కూడా లేదు. మణిశిలా రాజ్యానికి మహామంత్రి అంతటివాడు ఏనుగులకు మేత మోసేవాడి వేషం వేసుకుని, మాసిన పంచె మోకాళ్ల పైకి ఎగ్గట్టి, నెత్తిన పచ్చగడ్డి మోపుతో అడ్డదారిన కొండ దిగుతున్నాడు. దారికి అడ్డంగా పడి ఉన్నది ఎండుమానే కదా అని దాని మీద కాలు వేశాడు. ఆ మాను కదిలింది. రెప్పపాటులో తొడలూ నడుమూ ఎడమచెయ్యీ దాని చుట్టల్లో బిగుసుకుపోయాయి.

ఒకప్పుడైతే ఈపాటికి ఆ పాము రెండు ముక్కలై ఉండేది. కానీ మంత్రి పీఠం ఎక్కిన రోజున ఇక ఈ జన్మలో ఆయుధం ముట్టనని నిండు కొలువులో ప్రమాణం చేసిన మనిషాయె. ఆ సంగతి కొండచిలువకేం పట్టింది? అది నోరు తెరిచి అతని తల అందుకోబోయింది. దుర్జయుడు కుడిచేత్తో గడ్డిమోపును లాగి దాని నోట్లో కుక్కాడు. అది మింగలేక, కక్కలేక తల విదిలిస్తూ ఉండగా కొండవాలు వైపు ఒరిగాడు. మనిషీ పామూ కలిసి రాళ్ల మీద దొర్లుకుంటూ పోయి ఒక బండను గుద్దుకున్నారు. ఆ దెబ్బకు చుట్టలు సడలాయి. పాము పొదల్లోకి జారుకుంది. దుర్జయుడు లేచి, గీరుకుపోయిన మోకాళ్లను చూసుకునే తీరిక కూడా లేక, కుంటుకుంటూనే పరుగు తీశాడు.

అతనికంత తొందర ఎందుకో కిందికి చూస్తే తెలుస్తుంది.

కొండ అడుగున, పసుపు పూలు విరగబూసిన మైదానంలో, మణిశిలా రాజ్యపు సేన బారులు తీరి ఉంది. ఉదయపు ఎండలో డాళ్లు తళతళలాడుతున్నాయి. ఏనుగుల నుదుళ్ల మీద సింధూరం, గుర్రాల మెడల్లో ముత్యాల పేటలు, రథాల మీద నెమలిపింఛాల జెండాలు, సామంతుల గొడుగుల కింద కెంపులు పొదిగిన కిరీటాలు. వాటన్నిటి ముందు తెల్లగుర్రం మీద, ఈ మధ్యనే పట్టాభిషేకం జరిగిన రాజు మణికుండలుడు, మీసకట్టు ఇంకా సరిగ్గా రాని కుర్రవాడు, పెళ్లికొడుకులాగా వెలిగిపోతున్నాడు. ఆ వైభవమంతా చూడడానికి రెండు కళ్లూ చాలవు. ఆ వైభవానికి ఎదురుగా, రెండు నల్లటి కొండల నడుమ, పులిగొంతు కనుమ నోరు తెరుచుకుని ఉంది.

నడిపొద్దు దగ్గరపడే వేళ ఆ కనుమలో ఎవరుంటే వాళ్లు కాళ్ల నుంచి మొదలై రాళ్లయిపోతారు. ఆ తరువాత కాకజంఘుడనే మాంత్రికుడు ఎలా ఆడమంటే అలా ఆడతారు. అయితే ఎత్తుకొచ్చి పడేసినవాళ్ల మీద ఆ మాయ పనిచెయ్యదు. తమంతట తాము అడుగుపెట్టినవాళ్లే దానికి చిక్కుతారు. ఈ రహస్యం దుర్జయుడికి చెప్పినవాడు జటిలుడనే ముని. రాజగురువైన ఆ ముని తన ఆశ్రమం వెనక, ఆ మాంత్రికుడు అదే మాయ పన్నిన గుహలో, నడుము దాకా రాయి అయి, పిట్టలాంటి గొంతుతో ఏడుస్తూ దొరికాడు. "నా రూపం వేసుకుని వాడు రాజు పక్కన చేరాడయ్యా! దండెత్తబోయే హేమకూటానికి దగ్గరదారి చూపిస్తానని సేననంతా పులిగొంతుకు తోలుకుపోతున్నాడు. పూర్తిగా రాయి కాకముందే ఎవరైనా పట్టి బయటికి లాగితే మనిషి బతుకుతాడు. నన్ను లాగేవాడు లేకపోయాడు" అని చెప్పి, ఆ మాట చివర్లోనే పెదవులతో సహా బిగుసుకుపోయాడు.

మరి మహామంత్రి చెబితే రాజు వినడా అంటే, వినడు. కనుమ దాటేదాకా రాజధాని నుంచి వచ్చినవాళ్ల మొహం చూడనని అతని చేత దొంగ గురువు ముందే ఒట్టు వేయించుకున్నాడు. పోనీ సేనకు చెబుదామా అంటే, అక్కడే ఉంది అసలు చిక్కు.

దుర్జయుడు సేనాపతిగా ఉన్న కాలంలో అతని పేరు చెబితే పొరుగు దేశాల్లో పిల్లలు ఏడుపు మానేవారు. పశువులు కాసే ఇంట్లో పుట్టి, కాలిబంటుగా చేరి, ఒక్కొక్క మెట్టే ఎక్కి సేనను చేతిలోకి తీసుకున్నాడు. అతను నేర్పిన కవాతు ఎలాంటిదంటే, ఏనుగు మీది నగారా మోగితే చాలు, సైనికుడి మొహం ఏ దిక్కుకు ఉంటే ఆ దిక్కుకు కాలు లేవాలి. ఎదురుగా బావి ఉన్నా సరే. ఒకసారి నిజంగానే బావి ఎదురైంది, ముగ్గురు పడ్డారు కూడా. మిగతావాళ్లు ఆగలేదని అతను అందరికీ చెప్పుకుని మురిసిపోయాడు.

ఆ తరువాత వయసు మీద పడింది. నిజం చెప్పుకోవాలంటే గుర్రం ఎక్కడమే కష్టమైంది. పట్టు దిండ్లు వేసిన పల్లకీ, వెండి గొడుగు, కొలువులో రాజు కుడిపక్క పీఠం చూస్తే మనసు లాగింది. ముసలిరాజుకు మాత్రం అనుమానం పట్టుకుంది. సేన మనసులో ఉన్న మనిషి చేతికి మంత్రి ముద్ర కూడా ఇస్తే రేపు సింహాసనం ఎవరిదని. ఆ అనుమానం పోగొట్టడానికి దుర్జయుడే ఒక శాసనం రాయించాడు. సేనాపతిగా ఉండి మంత్రి అయినవాడు సేన ఎదుట నోరు విప్పితే, సైనికులందరూ అతనికి వీపు తిప్పాలి. అతని మాట వినపడకుండా నగారా మోగాలి. రాజు స్వయంగా పిలిచేదాకా ఎవరూ వెనక్కి చూడరాదు. చూసినవాడి తల తీయాలి. మాట్లాడిన మంత్రి తల కూడా. ముసలిరాజు జరిమానాతో సరిపెడదామన్నాడు. "కాదు ప్రభూ, తలే ఉండాలి!" అని దుర్జయుడు పట్టుబట్టాడు. కొలువంతా చప్పట్లు కొట్టింది. సైనికులు దానికి వీపు శాసనమని పేరు పెట్టుకున్నారు. ఇన్నేళ్లలో దానితో పనిపడలేదు.

మోపు లేకుండానే మేత మోసేవాళ్ల గుంపులో కలిసిపోయి దుర్జయుడు నగారా ఏనుగు దగ్గరికి చేరాడు. దాని కాళ్ల దగ్గర నగారా తోలుకు ఆముదం రాస్తూ కాటమయ్య కూర్చుని ఉన్నాడు. దుర్జయుడు కాలిబంటుగా ఉన్న రోజుల్లో ఇద్దరిదీ ఒకే కంచం, ఒకే కంబళి.

కాటమయ్య తలెత్తకుండానే అన్నాడు. "ఆ నడక మార్చుకోవాల దొరా. గడ్డి మోసేటోడు రొమ్ము ఇరుచుకుని నడుత్తాడా ఎక్కడన్నా?"

దుర్జయుడు అతని పక్కన కూలబడి, గొంతు బాగా తగ్గించి, జరిగిందంతా చెప్పబోయాడు. రెండు మాటలు పూర్తికాకముందే కాటమయ్య గిరుక్కున వీపు తిప్పేశాడు.

"కాటమా! నేనురా!"

"తమరని తెలిసే తిప్పాను బాబూ. నా ఈపుతో మాటాడకండి. నా సేతిలో కర్రుంది. తమరు ఇంకో మాటంటే నేను నగారా కొట్టాల. కొడితే తమరు దొరికిపోతారు. దొరికితే తల తీత్తారు. ఎల్లిపోండి."

"ఆ గురువు మాయలవాడు. కనుమలోకి పోతే మీరంతా రాళ్లవుతారు. ఒక్క మాట రాజుకు చేరవెయ్యి."

"నగారా కొట్టేటోడి మాట రాజుగారు ఇంటారా? ఇన్నా, ఎవురు సెప్పారంటే ఏటి సెప్పను? తమరి మాట సెవిని పడిందంటేనే నా తల పోద్ది." కాటమయ్య కర్రను చంకలో బిగించాడు. "రాయైనా అవుతాను గానీ, తమరు నేర్పిన మాట తప్పలేను. సేనంటే సెవులు కాదురా, కాళ్లురా అని ఆ రోజు నన్ను కొట్టి మరీ నేర్పారు గదా."

ఇంతలో కొమ్ము ఊదారు. సేన లేచి నిలబడింది. మేత మోసేవాళ్లను భటులు పక్కకు తరిమేశారు. కాటమయ్య ఏనుగు ఎక్కాడు. మాయ గురువు కమండలం ఎత్తి, తెల్లగడ్డం గాలికి ఊగుతుండగా, కనుమ వైపు చెయ్యి చూపాడు.

ఇక చెప్పడానికి ఎవరూ మిగల్లేదు. దుర్జయుడికి నిజంగానే దిక్కు తోచలేదు. ఒక్క క్షణం అక్కడే నిలబడి, తన చేతులతో తీర్చిదిద్దిన ఆ బారులను చూశాడు. ఒక్క కాలు వంకర లేదు, ఒక్క ఈటె వాలలేదు. అంత అందంగా చావుకు బయలుదేరిన సేనను అతనెప్పుడూ చూడలేదు. చూస్తూ ఉండగానే అతని మనసులో ఒక ఆలోచన మెరిసింది. మెరిసిన వెంటనే భటుల మధ్యనుంచి దూసుకుపోయి, బారుల ముందుగా పరుగెత్తి, సరిగ్గా పులిగొంతు కనుమ ఎదుట సేనకు అభిముఖంగా నిలబడి, నెత్తికి చుట్టిన పాతగుడ్డ లాగి అవతల పారేశాడు. తెల్లటి జుట్టు భుజాల మీద పడింది.

"సైనికులారా! నేను దుర్జయుణ్ణి! మీతో మాట్లాడుతున్నాను!"

కొండలు ఆ గొంతును అందుకుని తిరిగి పలికాయి. పదివేలమంది ఒకేసారి ఉలిక్కిపడ్డారు. మరుక్షణం ఈటెలు గలగలమనగా, గుర్రాలు సకిలించగా, ఏనుగులు గిర్రున తిరగగా, సేన యావత్తూ అతనికి వీపు తిప్పింది. అంటే కనుమకు వీపు, ఇంటికి మొహం. శాసనం ప్రకారం కాటమయ్య నగారా మీద కర్ర వేశాడు. నగారా మోగింది కాబట్టి కాళ్లు లేచాయి. సేన నడక మొదలుపెట్టింది.

ఎటు మొహం ఉంటే అటు.

దుర్జయుడు పిచ్చివాడిలా నవ్వాడు. నవ్వు ఆపి మళ్లీ అరిచాడు. ఏం అరిచాడో అతనికే తెలియదు, పాత యుద్ధాల పేర్లు, చచ్చిపోయిన స్నేహితుల పేర్లు, నోటికి ఏది వస్తే అది. అరిచినంతసేపూ నగారా మోగుతూనే ఉంటుంది, నగారా మోగినంతసేపూ వాళ్లు కనుమకు దూరమవుతూనే ఉంటారు. తను రాయించిన శాసనం, తను నేర్పిన కవాతు, రెండూ కలిసి ఇన్నేళ్లకు ఒక్క మంచిపని చేశాయి. తల పోతే పోనీ అనుకున్నాడు.

అయితే వీపు శాసనం సైనికులకే గానీ రాజుకు కాదు గదా. మణికుండలుడు తెల్లగుర్రం మీద ఒంటరిగా మిగిలిపోయాడు. "ఆగండి! వెనక్కి తిరగండి!" అని గొంతు చించుకున్నాడు. నగారా మోతలో ఆ లేతగొంతు ఎవరికి వినపడుతుంది? కుర్రవాడి మొహం ఎర్రగా కందిపోయింది.

"మంత్రిగారూ! నా సేనను నా ముందే లాక్కుంటారా? మా నాన్నగారు అనుమానించింది నిజమేనన్నమాట!"

"ప్రభూ, మీ పక్కనున్నవాడు..."

"రాజా," అంటూ మాయగురువు తేనె కలిపినట్టు అందుకున్నాడు. "తిరుగుబాటుదారుతో మాటలెందుకు? నువ్వు ముందడుగు వెయ్యి. తమ రాజు ఒంటరిగా పోతున్నాడని తెలిస్తే సేన సిగ్గుపడి వెనకే పరుగెత్తుకు వస్తుంది."

వెనక్కి చూస్తే తల పోయే సేనకు రాజు ముందడుగు వేసినట్టు ఎలా తెలుస్తుందని ఆ కుర్రవాడు ఆలోచించి ఉంటే బాగుండేది. కోపంలో ఉన్నవాడికి అంత ఆలోచన ఎక్కడిది? గుర్రాన్ని అదిలించాడు. అది దుర్జయుడి మీదుగా దూకబోయింది. అతను కళ్లెం పట్టుకున్నాడు. రాజు కొరడా తీసి చేతి మీద కొట్టాడు, మొహం మీద కొట్టాడు. దుర్జయుడు వదల్లేదు.

"వద్దు నాయనా! మీ అమ్మ పోతూ పోతూ నిన్ను నా చేతిలో పెట్టింది. నా మాట విను!"

అలా పిలిచి ఎన్నేళ్లయిందో. రాజు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణంలోనే మాయగురువు గుర్రం తొడ మీద కమండలంలోని నీళ్లు చల్లాడు. ఒళ్లు కాలినట్టు అది వెర్రిపరుగు అందుకుని కనుమలోకి దూసుకుపోయింది. కళ్లెం వదిలేసి ఉంటే దుర్జయుడు బయటే ఉండేవాడు. వదలకుండా దానితో పాటే పరుగెత్తాడు, పడ్డాడు, నేల మీద రాసుకుపోయాడు, మళ్లీ లేచి పరుగెత్తాడు.

లోపల గాలి లేదు. గోడల నిండా రాతి మనుషులు, కొందరు చేతులు చాపి, కొందరు మోకరిల్లి. నేల మీద నల్లటి నున్నటి బండలు. వాటి మీద డెక్కలు జారి గుర్రం పక్కకు కూలింది. దాని కింద మణికుండలుడి కాళ్లు రెండూ ఇరుక్కుపోయాయి. గుర్రం లేవడానికి ఒకసారి తన్నుకుని ఆగిపోయింది. డెక్కలు అప్పుడే బూడిదరంగుకు తిరుగుతున్నాయి.

"సైనికులారా! రండి!" అని అరవబోయిన రాజు నోటి మీద మాయగురువు రెండు చుక్కల నీళ్లు చిలకరించాడు. పెదవులు కదిలాయి, మాట రాలేదు. అప్పుడు గురువు గడ్డం రాలిపోయింది. కాకి కాళ్లలాంటి సన్నటి పిక్కల మీద, ఈకల కంబళి కప్పుకున్న కాకజంఘుడు బయటపడ్డాడు. ఎగిరి ఒక రాతిమనిషి భుజం మీద వాలి, కాలు మీద కాలు వేసుకున్నాడు.

"పదివేలమందిని తెద్దామనుకున్నాను. చెడగొట్టావు ముసలోడా. పోనీలే, రాజు దొరికాడు. ఈ రాతిరాజును తీసుకుపోయి సింహాసనం మీద కూర్చోబెడితే ఆ పదివేలమందీ ఎక్కడికి పోతారు?"

దుర్జయుడు గుర్రం కింద భుజం పెట్టి లేపబోయాడు. అది సగం రాయి, కదల్లేదు. మళ్లీ పెట్టాడు. నలుగురుంటే చాలు. నాలుగు జతల చేతులుంటే గుర్రాన్ని లేపి పిల్లవాణ్ణి బయటికి లాగేయవచ్చు. బయటికి పరుగెత్తి ఎవరినైనా చెయ్యి పట్టుకు లాక్కువద్దామని తిరిగాడు. పాదాలు రాలేదు. చూసుకుంటే చీలమండల దాకా బండలో కలిసిపోయి ఉన్నాయి. అతనూ తనంతట తానే అడుగుపెట్టినవాడు మరి.

కనుమ నోట్లోంచి మైదానం కనబడుతూనే ఉంది. పసుపు పూల మధ్య సేన ఆగి ఉంది. అతను అరవడం మానగానే నగారా ఆగింది, నగారా ఆగగానే కాళ్లు ఆగాయి. పెద్దగా దూరం కూడా పోలేదు. ఒక కేకకు అందేటంత దూరం. పదివేల వీపులు కదలకుండా, చెక్కుచెదరకుండా, అతను నేర్పినట్టే నిలబడి ఉన్నాయి.

"పిలుచుకో," అన్నాడు కాకజంఘుడు. "నీ సేనే గదా. నేను అడ్డురాను."

సూర్యుడు నడినెత్తికి చేరుతున్నాడు. కనుమ వైపు గుర్రాన్ని అదిలించింది తనే కాబట్టి మాయ రాజునూ వదల్లేదు, మోకాళ్ల దాకా బూడిదరంగు పాకింది. చిన్నప్పుడు ఏనుగును చూసి భయపడి పట్టుకున్నట్టే రెండు చేతులతో దుర్జయుడి చెయ్యి పట్టుకున్నాడు. కోపం లేదు, రాచరికం లేదు. కళ్లనిండా నీళ్లతో, పిలవమన్నట్టు బయటికి చూపించాడు.

నోరు మూసుకుంటే వాళ్లు అక్కడే నిలబడి ఉంటారు. ఇక్కడేం జరుగుతోందో ఎవరికీ తెలియదు. నోరు విప్పితే...

దుర్జయుడు గుండెల నిండా గాలి పీల్చాడు.

"కాటమా! రాజు పడిపోయాడురా! ఒక్కసారి వెనక్కి చూడరా!"

ఏనుగు మీద కాటమయ్య భుజాలు ఉలిక్కిపడ్డాయి. తల ఒక పక్కకు కొద్దిగా తిరిగినట్టే తిరిగి ఆగిపోయింది. తరువాత కర్ర లేచింది. నగారా మోగింది, ఇంతకుముందు కన్నా గట్టిగా. సేన ఇంటివైపు అడుగు వేసింది.

"మీ కాళ్లు మొక్కుతాను! రండిరా! నలుగురు రండిరా!"

ఎంత గట్టిగా అరిస్తే అంత గట్టిగా మోగింది. ఎంత ఏడిస్తే అంత వడిగా నడిచారు. దుమ్ము లేచి వెనక బారులు కనపడకుండా పోతున్నాయి. బిగుసుకుంటున్న నడుమును వంచి దుర్జయుడు పిల్లవాడి తలను ఒడిలోకి తీసుకున్నాడు. అతని చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. గొంతు కూడా ఇంకా రాయి కాలేదు. ఆ గొంతుతో తనకు తెలిసిన ప్రతి సైనికుడినీ పేరుపేరునా పిలవడం మొదలుపెట్టాడు.